భాగాల చీటీలో ‘జల’ అన్న ఒక్క మాట: అన్నదమ్ముల బోరు కేసు

ఈ కేసులో నేను తమ్ముడి తరఫు వకీలుని. ఆ సంగతి ముందే చెప్పడం మంచిది. నేను రాసేదాంట్లో ఆ వైపు మొగ్గు ఎంతో కొంత ఉండకపోదు. అన్న, తమ్ముడు, వాళ్ల అక్క ముగ్గురినీ అడిగి, వాళ్లు సరేనన్నాకే రాస్తున్నాను. పేర్లు, ఊరు, మండలం పెట్టలేదు. అనంతపురం జిల్లా అని మాత్రం చెప్పాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేల అది. ఈ గొడవ ఆ నేలలోంచే పుట్టింది.

22 ఏళ్లుగా సివిల్ ప్రాక్టీసు చేస్తున్నాను. గట్టు తగాదాలు, దారి తగాదాలు, భాగాల దావాలు నా రోజువారీ పని. వాటిల్లో ఈ కేసునే ఎంచుకోవడానికి కారణం ఉంది. దీంట్లో నేనొక తప్పు చేశాను. అదే తప్పు మా వృత్తిలో చాలామందిమి చేస్తున్నాం.

కుటుంబం, భూమి

తాత నాటి నుంచి వస్తున్న 9 ఎకరాల 60 సెంట్ల ఎర్రనేల, ఒకే సర్వే నంబరు. తండ్రి చిన్నప్పుడు అందులో కపిల బావి ఉండేది. అది ఎండిపోయాక 1999లో, వేరుశనగ అమ్మిన డబ్బుతో ఆయన 380 అడుగుల బోరు వేయించాడు. రెండించుల నీళ్లు పడ్డాయి. ఆ రోజు ఇంటింటికీ తిరిగి బెల్లం పంచారని అక్క చెప్పింది.

ముగ్గురు పిల్లల్లో అక్క పెద్దది. 1991లో పెళ్లయి పదిహేను కిలోమీటర్ల దూరంలోని ఊరికి వెళ్లింది. తర్వాత అన్న, ఆ తర్వాత తమ్ముడు. తండ్రి 2011లో పోయాడు, తల్లి 2020లో. తల్లి బతికుండగానే, 2012లో, ఊరి పెద్దమనుషులు నలుగురు కూర్చుని భాగాలు చేశారు. తూర్పు వైపు 4.80 అన్నకు, పడమటి వైపు 4.80 తమ్ముడికి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద చీటీ రాశారు. రిజిస్టరు చేయించలేదు. ఆడబిడ్డకు పెళ్లిలో ఇవ్వాల్సింది ఇచ్చేశామని అక్కను పిలవలేదు.

బోరు మధ్య గట్టుకు నలభై అడుగుల దూరంలో, తూర్పు భాగంలో ఉంది. అంటే అన్న భాగంలోకి వచ్చింది. ‘బోరు ఇద్దరిదీ, మూడు రోజులకొక వంతు’ అని పెద్దమనుషులు నోటితో చెప్పారు. అందరూ సరేనన్నారు. ఆ మాట చీటీలోకి ఎక్కలేదు.

చీటీలో నీటి మాట అసలే లేదా అంటే, ఉంది. మన దస్తావేజుల్లో తరతరాలుగా వస్తున్న వరస ఒకటుంది కదా: నిధి, నిక్షేప, జల, తరు, పాషాణాది అష్టభోగములతో అని. రాసినాయన ఆ వరసను రెండు భాగాల కిందా అలవాటుగా దించేశాడు. అన్న భాగం కింద చదివితే ఆ భాగంలోని జలం అన్నదే అన్న అర్థం వస్తుంది. పెద్దమనుషులు నోటితో నీళ్లను ఇద్దరికీ ఇచ్చారు, కాగితం ఒక్కడికే ఇచ్చింది. పదకొండేళ్ల తర్వాత కోర్టులో అన్న తరఫు వకీలు వేలు పెట్టి చూపించింది ఆ ‘జల’ అన్న రెండక్షరాలనే.

వంతులు ఎక్కడ చెడ్డాయి

మొదటి ఆరేళ్లు మాట నిలబడింది. ఇద్దరివీ ఒకే రకం పంటలు: ఖరీఫ్‌లో వేరుశనగ, కొంచెం కంది, ఇంటికి జొన్న. నీటి అవసరం ఇద్దరికీ ఒకే సమయంలో, ఒకే మోతాదులో ఉండేది. 2014లో కరెంటు సర్వీసు తండ్రి పేరు నుంచి అన్న పేరుకు మారింది. ఆఫీసులో ఎవరో ఒకరి పేరు కావాలన్నారని, తమ్ముడే వెంట వెళ్లి సంతకం పెట్టి వచ్చాడు. అప్పటికి వాళ్ల మధ్య అంత నమ్మకం ఉంది.

2016లో అన్న మూడెకరాల్లో చీనీ (బత్తాయి) పెట్టాడు. 320 చెట్లు, సబ్సిడీలో డ్రిప్. గొడవకు ఒక తేదీ చెప్పమంటే నేను ఆ ఏడాదే చెబుతాను. వేరుశనగ రైతుకు నీళ్లు కొన్ని తడులకు చాలు, వాన పడితే అవీ అక్కర్లేదు. చీనీ చెట్టుకు ఎండాకాలమే ప్రాణగండం. తమ్ముడు తన వైపు ఎకరంలో ఎండాకాలం టమోటా వేయడం మొదలుపెట్టాడు. పిల్లల ఫీజులకు చేతికి డబ్బు వచ్చే పంట అదొక్కటే. ఇద్దరికీ ఫిబ్రవరి నుంచి మే వరకు నీళ్లు కావాలి. బోరులో సరిగ్గా ఆ నాలుగు నెలల్లోనే నీళ్లు తగ్గిపోతాయి.

దీనికి కరెంటు తోడైంది. మాకు వ్యవసాయానికి కరెంటు ఉచితం, పగటిపూట 9 గంటలు అని లెక్క. లైను ట్రిప్పయినా, ట్రాన్స్‌ఫార్మరు కాలినా ఆ గంటలు పోయినట్టే. వంతులు మాత్రం రోజుల లెక్కన ఉన్నాయి. తమ్ముడి మూడు రోజుల్లో రెండు రోజులు కరెంటు లేకపోతే ఆయన వంతు దాటిపోయినట్టే. నాలుగో రోజు పొద్దున కరెంటు వచ్చిందంటే ఆటోస్టార్టరుతో మోటరు దానంతట అదే ఆడుతుంది, నీళ్లు అన్న తోటకు పోతాయి. నా దగ్గరికి మొదటిసారి వచ్చినప్పుడు తమ్ముడు చెప్పింది నాకు ఇప్పటికీ అలాగే గుర్తుంది.

‘మా అన్న నీళ్లు ఇయ్యనని చెప్పలేదు సార్. నీ వంతులో కరెంటు రాకపోతే నేనేం జేయల్ల అంటాండాడు.’

2019లో తమ్ముడు తన పొలంలో సొంతంగా రెండు బోర్లు వేయించాడు. ఒకటి 700 అడుగులు, ఒకటి 850. రెండింట్లోనూ దుమ్ము లేచింది. మూడు లక్షల నలభై వేల అప్పు మిగిలింది. ఆ తర్వాత రెండేళ్లు వానలు బాగా పడి గొడవ నిద్రపోయింది. 2023 ఖరీఫ్‌లో మళ్లీ కరువు. జిల్లాలో చాలా మండలాలను కరువు మండలాలుగా ప్రకటించిన సంవత్సరం అది. ఆ అక్టోబరులో తమ్ముడు, ఆయన భార్య మా ఆఫీసు మెట్లెక్కారు.

నేను వేసిన దావా

నేను శాశ్వత నిషేధాజ్ఞ దావా వేశాను. తమ్ముడి నీటి వంతుకు అన్న అడ్డు రాకూడదని అందులో కోరాను. దాంతోపాటు మధ్యంతర ఉత్తర్వుల కోసం ఒక ఐఏ (మధ్యంతర అర్జీ) వేశాను. మా దగ్గర అందరూ చేసేది ఇదే. క్లయింటు భయంతో వస్తాడు, ఇంజంక్షన్ అంటే ఆయనకు ధైర్యం. మనకూ డ్రాఫ్టు చేతికింద ఉంటుంది.

అవతలివైపు కౌంటరు బలంగా వేశారు. సర్వీసు అన్న పేరు మీద ఉంది. పాసుపుస్తకం, 1బి (రెవెన్యూ రికార్డు) ప్రకారం బోరున్న చోటు అన్నదే. చీటీలో ‘జల’ అన్న మాట ఉంది. 1882 ఈజ్‌మెంట్ల (ఒకరి భూమి మీద మరొకరికి ఉండే వాడుక హక్కుల) చట్టం సెక్షన్ 7 కింద, తన హద్దుల్లో భూమి కింద ఉన్న, ఒక నిర్ణీత కాలువగా పారని నీటిని తోడుకునే హక్కు ఆ భూమి యజమానిదే అని ఉదాహరణతో సహా ఉంది. నా వాదన అదే చట్టంలోని సెక్షన్ 13 మీద నిలబడింది. ఉమ్మడి ఆస్తిని పంచుకున్నప్పుడు, పంపకం నాటికి ఒక భాగం ఏ సౌకర్యం మీద ఆధారపడి ఉందో, అది కంటికి కనిపిస్తూ నిలకడగా సాగుతుంటే, పంపకం తర్వాత కూడా ఆ హక్కు ఉంటుంది. పైగా ఆ బోరు తండ్రి ఉమ్మడి డబ్బుతో వేయించింది. ఇప్పటికీ నా వాదన సరైనదనే అనుకుంటాను.

దాన్ని వినిపించే దాకా వెళ్లనేలేదు. చీటీని రుజువుగా పెట్టబోతే స్టాంపు చాలదని అభ్యంతరం వచ్చింది. లోటు స్టాంపు, దాని మీద పది రెట్ల జరిమానా కడితే తప్ప అది సాక్ష్యంలోకి రాదు. కట్టినా, రిజిస్టరు కాని భాగపత్రం హక్కును రుజువు చేయడానికి పనికిరాదు. ఆనుషంగికమైన (హక్కుతో సంబంధం లేని పక్క) విషయాలకే చూస్తారు. ఈ ఒక్క అభ్యంతరం మీద వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. ఐఏ అలాగే ఉండిపోయింది. నవంబరు వెళ్లింది, సంక్రాంతి వెళ్లింది, ఎండలు ముదిరాయి.

ఆ ఐదు నెలల్లో నేను చేయగలిగి చేయనివి మూడు ఉన్నాయి. మొదటిది, అడ్వకేటు కమిషనరును (కోర్టు తరఫున వెళ్లి చూసొచ్చే వకీలును) వేయించి బోరును, పైపులను, పారుతున్న నీటిని చూపించి రిపోర్టు తెప్పించడం. రెండోది, అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, సీఆర్‌పీసీ సెక్షన్ 147. భూమినిగానీ నీటినిగానీ వాడుకునే హక్కు మీద తగాదా వచ్చి శాంతిభద్రతలు చెడేలా ఉంటే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు విచారించి ఉత్తర్వు ఇవ్వచ్చు. ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో అది సెక్షన్ 166. స్వాధీనం తగాదాలకు వాడే 145 మనందరికీ నోటికి వస్తుంది, పక్కనే ఉన్న 147ను మర్చిపోతాం. నీటి తగాదా కోసమే రాసిన సెక్షన్ అది. మూడోది అక్క. ఆమె ఉందని నాకు తెలుసు. దావాలో పార్టీగా చేర్చితే కేసు పెద్దదవుతుందని, ఆమె వాటా అడుగుతుందేమోనని నా క్లయింటు భయపడ్డాడు. నేనూ ఒత్తిడి చేయలేదు.

ఫిబ్రవరిలో తమ్ముడు పోలీసు స్టేషనులో కూడా అర్జీ ఇచ్చాడు. సివిల్ మ్యాటరు, కోర్టులో ఉంది కదా, అక్కడే తేల్చుకోండి అన్నారు. ఇద్దరినీ తహసీల్దారు ముందు బైండోవర్ చేయమని (గొడవ పడబోమని పూచీకత్తు రాయించుకోమని) నేను రాతపూర్వకంగా అడిగి ఉండాల్సింది.

ఆ ఆదివారం

2024 మార్చి. తమ్ముడి వంతులో రెండో రోజు. టమోటా పూత మీద ఉంది. మొదటి రోజు కరెంటు రెండు గంటలే వచ్చింది. ఆదివారం పొద్దున ఆరింటికి కరెంటు వచ్చింది. తమ్ముడు వెళ్లి చూస్తే స్టార్టరు డబ్బాకు కొత్త తాళం వేసి ఉంది. ముందు రోజు రాత్రి ఎవరో ఫ్యూజులు తీశారని, దొంగల భయంతో వేశానని అన్న తర్వాత చెప్పాడు. అది నిజమో కాదో నాకు తెలియదు. అబద్ధమని నిరూపించే సాక్ష్యం మా దగ్గర లేదు.

తమ్ముడు పైపు రెంచితో తాళం పగలగొట్టి మోటరు వేశాడు, గేట్‌వాల్వు తన వైపు తిప్పాడు. అన్న వచ్చి చేయి పట్టుకున్నాడు. తోపులాటలో అన్న కేసింగు పైపు మీద పడ్డాడు. కాలరెముక విరిగింది. అన్న కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ వారాంతానికి ఇంటికొచ్చాడు. తోటలో ఎండు రెమ్మలు కొడుతున్నవాడు తండ్రి కేక విని పరుగెత్తుకొచ్చాడు. చేతిలో మచ్చుకొడవలి ఉంది. వేటు తలకు పడాల్సింది. తమ్ముడు ఎడమ చేయి అడ్డం పెట్టాడు. ముంజేతి నరాలు తెగాయి. చెవి పక్కన చిన్న గాటు పడింది. మొత్తం రెండు మూడు నిమిషాలు.

మధ్యాహ్నం రెండింటికి రాసిన సీన్ పంచనామాలో ఒక వాక్యం ఉంది: మోటరు నడుచుచున్నది, నీరు పడమటి భాగములోనికి పారుచున్నది. ఒకరిని ఒక ఆటోలో, ఇంకొకరిని మరో ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. మోటరు కట్టేవాళ్లు లేక మూడింటికి కరెంటు పోయేదాకా టమోటా మడిలో నీళ్లు పారుతూనే ఉన్నాయి. మొక్కలు చాలా వరకు కుళ్లిపోయాయి.

కేసు, కౌంటరు కేసు

అన్న కొడుకు మీద, అన్న మీద ఐపీసీ 307 (హత్యాయత్నం), 326 (ప్రమాదకర ఆయుధంతో తీవ్రంగా గాయపరచడం). తమ్ముడి మీద 325 (తీవ్రంగా గాయపరచడం), 427 (ఆస్తికి నష్టం చేయడం). అప్పటికింకా పాత శిక్షాస్మృతే, దాని స్థానంలో బీఎన్‌ఎస్ వచ్చింది ఆ ఏడాది జూలై 1న. కొడుకు 24 రోజులు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. ఉద్యోగం పోయింది. తమ్ముడికి రెండు సర్జరీలయ్యాయి. ఎడమ చేతి చివరి రెండు వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు.

క్రిమినల్ కేసు పడ్డాక సివిల్ కేసు మాట్లాడే గొంతే మారిపోతుంది. అప్పటిదాకా ‘మా అన్న’ అన్నవాడు ‘ఏ1 (మొదటి ముద్దాయి) వాళ్ల నాయన’ అనడం మొదలుపెడతాడు. వకీళ్లమైన మనమూ దానికి అలవాటు పడిపోతాం. 307 ఉంది కదా, ఇక వాళ్లే దిగొస్తారు అని మా ఆఫీసులోనే ఒకరు అన్నారు. ఆ మాట తమ్ముడి భార్య విన్నది. ఆమె ముఖం చూశాక ఆ ఆలోచనతో ఈ కేసు నడపకూడదని నిర్ణయించుకున్నాను.

అక్క వేసిన దావా

ఆసుపత్రిలో తమ్ముడి దగ్గర రెండు రాత్రులు ఉన్నది అక్క. ఆ తర్వాత అన్న ఇంటికి వెళ్లి కట్టు కట్టిన భుజానికి కాపడం పెట్టిందీ ఆమే. జూన్‌లో వేరే వకీలు ద్వారా ఇద్దరు తమ్ముళ్ల మీద భాగాల దావా వేసింది. మొత్తం 9.60లో మూడోవంతు, అంటే 3.20 కావాలని.

నా క్లయింటు కుప్పకూలిపోయాడు. అన్నకూ అంతే టెన్షన్. నేను కాగితాలు చదివాక, ఆమె కేసు మా రెండు కేసులకంటే గట్టిదని అర్థమైంది. ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టానికి 1986లో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి పెళ్లి కాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. ఆమె పెళ్లి 1991లో. కూతుళ్లకు పుట్టుకతోనే సమాన వాటా ఇస్తూ కేంద్రం 2005లో తెచ్చిన సవరణ, దాని మీద 2020 ఆగస్టులో వినీత శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఎలాగూ ఉన్నాయి. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలకో, కోర్టు డిక్రీలకో ఉన్న రక్షణ 2012 నాటి స్టాంపు చీటీకి లేదు. ఒక్క దావాతో ఆ చీటీ, దాంతోపాటు ఆ ‘జల’ కూడా, పక్కకు పోయాయి.

ఆమెను కోర్టు వరండాలో కలిసినప్పుడు, ఎందుకమ్మా ఇప్పుడు అని అడిగాను.

‘నాకు సేను మీద ఆశ లేదు సార్. నేను అడగకపోతే వీళ్లు ఒకర్నొకరు సంపుకుంటారు. భూమంతా కోర్టు చేతిలో ఉంటే కొన్నాళ్లు ఊరుకుంటారని వేసినా.’

కోర్టు యథాతథస్థితి ఉత్తర్వు ఇచ్చింది. నా పాత దావాను దీంతో కలిపి విచారించమని మేమే అడిగాం. ఈసారి కమిషనరు కోసం అర్జీ నేనే వేశాను.

డ్రమ్ము లెక్క

ఆ అక్టోబరులో కమిషనరు మండల సర్వేయరును వెంటబెట్టుకుని వచ్చారు. హద్దులు కొలిచాక, నీళ్లు కూడా కొలవండి అని అడిగాను. ఎట్లా కొలవాలన్నారు. 200 లీటర్ల నీలం డ్రమ్ము, సెల్‌ఫోనులో స్టాప్‌వాచ్. డెలివరీ పైపు నోరు డ్రమ్ములోకి తిప్పి మూడుసార్లు పట్టాం. ఒక్కోసారికి సుమారు నిమిషం యాభై సెకండ్లు.

మీడియేషన్‌కు పంపాక, మీడియేటరు సలహా మీద 2025 ఏప్రిల్‌లో అదే డ్రమ్ము, అదే పైపుతో మళ్లీ కొలిచాం. ఈసారి రెండు నిమిషాల నలభై సెకండ్లు. అంటే నిమిషానికి 75 లీటర్లు, గంటకు 4,500, తొమ్మిది గంటలూ కరెంటుంటే రోజుకు 40,500 లీటర్లు. అదీ కాగితం మీద. ఐదో గంట దాటాక పైపు గాలి తన్నుకుంటూ ఆగి ఆగి పోసింది. నికరంగా ముప్పై వేలు దాటవు.

అన్న చింతచెట్టు కింద దూరంగా నిలబడి చూస్తున్నాడు. మీడియేటరు ఆయనను పిలిచి, చెట్టుకు రోజుకు ఎంత ఇస్తావని అడిగారు. ఈ ఎండకు తొంభై లీటర్లన్నా పోవాలన్నాడు. 320 చెట్లకు 28,800. అంటే బోరు మొత్తం పోసేది ఒక్క చీనీ తోటకే సరి. తమ్ముడి ఎకరం టమోటాకు మిగిలేదేమీ లేదు. ఇద్దరికీ వంతులు సమానంగా పంచితే చెట్లూ ఎండుతాయి, టమోటా కూడా చేతికి రాదు.

ఆ లెక్క నేల మీద పుల్లతో గీసి చూపించాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తాము తన్నుకున్నది ఇద్దరికీ చాలినన్ని నీళ్ల కోసం అనుకున్నారు ఇద్దరూ. నేనూ అలాగే అనుకునే దావా వేశాను. అక్టోబరు 2023లోనే ఒక డ్రమ్ము తీసుకెళ్లి ఉంటే దావాలో కోరేది వేరేగా రాసి ఉండేవాణ్ణి.

అన్న అన్నాడు: ‘చెట్టు ఎండితే మళ్లీ ఎనిమిదేండ్లు సార్. టమోటా పోతే మూడు నెల్లు.’

తమ్ముడు ఆయన వైపు చూడకుండానే బదులిచ్చాడు: ‘ఆ మూడు నెల్ల పంట మీదే నా బిడ్డ ఫీజు కట్టల్ల.’

ఏడాది తర్వాత వాళ్లిద్దరూ ఒకరి మాటకు ఒకరు జవాబు చెప్పుకోవడం అదే మొదటిసారి. రాజీ అక్కడ మొదలైందని నా నమ్మకం.

రాజీలో రాసుకున్నది

బోరు ఎవరి భాగంలో ఉండాలన్న దగ్గర మీడియేషన్ మూడు సిట్టింగులు ఆగిపోయింది. ఎవరి వైపు పెట్టినా రెండోవాడు నమ్మడు. దారి అక్కే చూపింది. మధ్య గట్టుకు అటు అరవై సెంట్లు, ఇటు అరవై సెంట్లు కలిపి మధ్యలో 1.20 ఎకరాల పట్టీ తన వాటాగా తీసుకుంటానంది. మిగతా రెండెకరాల వాటాకు ఇద్దరూ చెరో ఎకరం విలువ డబ్బుగా, మూడేళ్లలో వాయిదాలుగా ఇవ్వాలి. అన్నకు 4.20, తమ్ముడికి 4.20. ఇద్దరి మధ్యా అక్క నేల. బోరు, స్టార్టరు గది, కరెంటు సర్వీసు అన్నీ ఆమె పేరు మీద.

నీటి గురించి రాసిన షరతులు భూమి గురించి రాసిన వాటికంటే పొడుగయ్యాయి. వంతులు ఇక రోజుల లెక్కన ఉండవు, మోటరు ఆడిన గంటల లెక్కన ఉంటాయి. అందుకు స్టార్టరు ప్యానెలులో గంటలు చూపే మీటరు బిగించారు. కరెంటు పోతే ఆ గంటలు ఎవరి ఖాతాలోనూ పడవు. జూన్ నుంచి జనవరి వరకు చెరి సగం. ఫిబ్రవరి నుంచి మే వరకు నాలుగు పాళ్లలో మూడు అన్నకు, ఒకటి తమ్ముడికి. ఆ వదులుకున్న నీటికి బదులు చీనీ కాయ అమ్మాక అన్న తమ్ముడికి ఏటా 45 వేలు ఇవ్వాలి. తమ్ముడు ఎండాకాలం టమోటాను పాతిక సెంట్లకు తగ్గించుకున్నాడు.

రెండు షరతుల కోసం నేను గట్టిగా పట్టుబట్టాను. ఒకటి, ముగ్గురి సంతకం లేకుండా ఆ 9.60లో ఎక్కడా ఎవరూ కొత్త బోరు వేయకూడదు. నీటి వంతు పక్కాగా రాసుకుని, పక్కనే ఇంకో బోరు లోతుగా దించి పాత బోరును ఎండబెట్టిన కేసులు నేను చూశాను. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవాలన్న నిబంధన 2002 నుంచీ ఉంది. అయినా అన్నదమ్ముల మధ్య సంతకం ఉంటే ఆ రక్షణ ఇంకా దగ్గరగా ఉంటుంది. రెండోది, బోరు తగ్గిపోతే ఏం చేయాలన్నది. ఏప్రిల్‌లో డ్రమ్ము నిండడానికి నాలుగు నిమిషాలు దాటితే, ఆ ఏడాది తమ్ముడు టమోటా వేయడు, అన్న వంద చెట్లను వదులుకుంటాడు. ఎవరికి ఎంత నష్టమన్నది ఆ రోజు తగాదా పెట్టుకోకుండా ముందే రాసిపెట్టాం. అక్క పట్టీలో ఒక ఫారంపాండు (వాననీటి గుంట) తవ్వుకోవాలనీ రాశాం.

అక్క తర్వాత ఆ పట్టీ ఆమె వారసులకే పోతుంది. కానీ నీటి షరతులు భూమితోపాటే నడుస్తాయి. ఎవరు కొన్నా, ఎవరికి వచ్చినా కట్టుబడాలి.

2025 జులైలో రాజీ డిక్రీ అయింది. తుది డిక్రీని స్టాంపు కాగితాల మీదికి ఎక్కించి, మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డుల్లో పేర్ల మార్పు) చేయించడానికి మరో నాలుగు నెలలు పట్టింది. ఇందులో నేను కొత్తగా నేర్చుకున్నది ఒకటుంది. సర్వీసు పేరు మార్పు అర్జీని డిక్రీ వచ్చిన మర్నాడే పెట్టాలి. అది మిగిలిపోతే పాత ‘నా సర్వీసు’ అన్న మాట మళ్లీ తలెత్తుతుంది.

మిగిలిపోయింది

తమ్ముడి మీద ఉన్న 325 కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయింది. అది రాజీకి వీలున్న సెక్షన్. 307 అలా పోదు. అది సమాజానికి వ్యతిరేకంగా చేసిన నేరం కిందికి వస్తుంది, దెబ్బ తిన్నవాడు క్షమించాననగానే ముగిసిపోదు. హైకోర్టు తన అధికారంతో కొట్టివేయొచ్చు. పాత కోడ్‌లో సెక్షన్ 482, ఇప్పుడు 528. నరీందర్ సింగ్ కేసులో 2014లోనూ, లక్ష్మీనారాయణ్ కేసులో 2019లోనూ సుప్రీంకోర్టు చెప్పిన కొలతలు ఉన్నాయి. ఏ ఆయుధం, శరీరంలో ఏ చోట, గాయం ఎంత అని చూస్తారు. ఎఫ్‌ఐఆర్‌లో 307 అని రాసినంత మాత్రాన సరిపోదు. మా కేసులో మచ్చుకొడవలి, గురి తల. చేయి అడ్డం రాకపోతే నేను ఈ రాత వేరే విధంగా రాయాల్సి వచ్చేది. కేసు కొట్టేయమని క్వాష్ పిటిషను వేశారు. తమ్ముడు రాజీ అఫిడవిట్ ఇచ్చాడు. అది ఇంకా తేలలేదు. గట్టి ఆశ పెట్టుకోవద్దని ఇద్దరికీ చెప్పాను.

అబ్బాయి ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాడు. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో పెండింగు కేసుందా అని అడిగిన చోటల్లా ఆగిపోతున్నాడు. వాయిదా రోజున పొద్దున ఏడింటి బస్సుకు వాడూ, సాక్షిగా తమ్ముడూ ఒకే స్టాపులో ఎక్కుతారు. మొదటి రెండు వాయిదాలకు ఒకరు ముందు తలుపులో, ఒకరు వెనక తలుపులో ఎక్కారట. పోయిన వాయిదాకు టిక్కెట్టుకు చిల్లర లేకపోతే, చిన్నాయనకు కూడా నేనే తీసుకున్నానని ఆ అబ్బాయి నాతో చెప్పాడు. చెప్పి, అది కేసుకేమైనా ఇబ్బందా సార్ అని అడిగాడు. ఏమీ కాదన్నాను.

మోటరు గది గోడకు అక్క ఒక నోటుబుక్కు తగిలించింది. మీటరు అంకె, ఎవరి వంతు, సంతకం. నెలకోసారి ఆమె బస్సెక్కి వచ్చి లెక్క చూసి కింద గీత గీస్తుంది. ఫిబ్రవరి పేజీ ఫొటో నాకు వాట్సాప్‌లో పంపింది. రెండు చోట్ల అన్న గంటల్ని కొట్టేసి తక్కువగా దిద్దాడు. పక్కన సంతకం తమ్ముడిది.